నీళ్ళలో ఎవరూ లేరు

1. సోమవారం

ఈ ఉదయం వార్తల్లో ఎప్పటిలాగే నీళ్ళలోకి దిగినవాళ్ళ పేర్లు చదివాను. గనగళ్ళ మసేను పేరు అందులో ఉంది. అన్నాల వేళకు అతని శవాన్ని పైకి లాగారు. సాయంత్రం పేర్లు వెలిగే పలక దగ్గరికి వెళ్ళి చూస్తే, ఈ రోజు దిగినవాళ్ళ వరసలో మసేను పేరు లేదు.

పేరు పక్కన గీత లేదు, 'మరణం' అన్న గుర్తు లేదు. అసలు పేరే లేదు.

సముద్రం మధ్యలో ఉన్న ఈ మేడలో నా పని రోజుకు రెండుసార్లు మైకులో వార్తలు చెప్పడం. తాడు అరుగు మీదివాళ్ళు నన్ను పేపరు బావు అంటారు. కాగితం మీద అచ్చయిన పేపరును వాళ్ళలో ఎవరూ చూసి ఉండరు. మేడ కింద మునిగిపోయిన పట్నం ఉంది. మసేను లాంటివాళ్ళు కిందికి దిగి, ఆ వీధుల్లోంచి రాగి తీగలు కోసుకొస్తారు. ఒక్కొక్కరికీ పైన అరుగు మీద ఒక తాడు మనిషి ఉంటుంది. తాడు ఆమె చేతిలో, తాడుతోపాటే గాలి గొట్టం. ఆ గొట్టం కవాటం తెరవడం, మూయడం 'కాపరి' పని. కాపరి అంటే మనిషి కాదు. మేడ మొత్తానికి గాలీ నీళ్ళూ పంచిపెట్టే యంత్రం.

పాత కాపరిని తీసేసి, కొత్తగా రాసిన కాపరిని ఈ ఉదయమే మొదలుపెట్టారు.

భద్రతాధికారి సదాశివరావు సాయంత్రం ఒక వాక్యం పంపించి, చదవమన్నాడు. "నమోదు లేకుండా నీళ్ళలోకి దిగిన ఒక వ్యక్తి మరణించాడు."

ఆ వాక్యం చదవలేదు. ఒక వ్యక్తి మరణించాడని మాత్రం చదివాను.

2. మంగళవారం

సదాశివరావు కబురు పెట్టాడు. కోపంగా లేడు. టీ ఇచ్చాడు, అదీ మంచినీళ్ళతో కాచింది.

"మీరు నిన్న పొద్దున మసేను పేరు చదివారట."

"పలక మీద ఉంది. చదివాను."

"అంతకుముందు రోజు వరస చూసి చదివారేమో."

"అంతకుముందు రోజు ఆదివారం. ఎవరూ దిగలేదు."

అతను కాపరి చెబుతున్నది నాకు చూపించాడు. చోడిపిల్లి అప్పలకొండ, తాడు మనిషి, ఉదయం పలక కింది గాజు మీద బొటనవేలు పెట్టి పనిలోకి వచ్చింది. మధ్యాహ్నం మళ్ళీ వేలు పెట్టి పని అయిందంది. మధ్యలో ఆమె తాడుకు మునిగే మనిషి ఎవరూ లేరు. నీళ్ళలో ఎవరూ లేరు.

"అంటే మసేనుని దొంగతనంగా దింపింది. దొరికిన రాగి ఇద్దరూ పంచుకుందామనుకున్నారు. కాపరికి తెలియని మనిషికి కాపరి గాలి ఇవ్వదు కదా."

"గాలి ఇవ్వకపోతే పొద్దున్నుంచి అన్నాల వేళదాకా ఎలా బతికాడు?"

"అది విచారణలో తేలుతుంది," అన్నాడు. విచారణ శనివారం. తేలాల్సింది ఒకటే. అప్పలకొండ మేడ మీద ఉంటుందా, సరుకు పడవలో ఒడ్డుకు పోతుందా. ఒడ్డున మేడ మనుషులకు నీడ దొరకదు. ఈ సంగతి టీ ఇచ్చినాయనకూ తెలుసు, తాగిన నాకూ తెలుసు.

అంతవరకు నీళ్ళలోకి దిగుళ్ళు ఆపేశారు. మిగతావాళ్ళ గాలికి నిన్న ఏమీ కాలేదు కాబట్టి కాపరిలో తప్పు లేదని సదాశివరావు నమ్మకం. నా దగ్గరున్నదల్లా నేను చదివిన పేరు. దానికి సాక్ష్యం కూడా నేనే. నాకే చాలని సాక్ష్యం అతనికేం చాలుతుంది?

3. బుధవారం

తాడు అరుగు. సొరచేప నూనె వాసన. ఉప్పుకు పాడుకాకుండా తాళ్ళకు అది పట్టిస్తారు. దిగుళ్ళు ఆగినా ఈ పని ఆగలేదు. అప్పలకొండ గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమెను పనిలోంచి తప్పించారు, అయినా అరుగు వదిలి వెళ్ళలేదు. యాభై దాటిన మనిషి. మసేనుకి పన్నెండేళ్ళుగా తాడు పట్టింది.

"నాను తాడు ఒగ్గనేదు బావు," అంది, నేను అడగకముందే. "ఆడు నాకు సుట్టం కాడు, పక్కం కాడు. సుట్టానికి తాడియ్యరు మా కాడ, సెయ్యి వణుకుద్దని. అలాగని ఆడ్ని దొంగంటారేటి? రాముడమ్మనడుగు, పక్కనే ఉంది."

ఒలిశెట్టి రాముడమ్మది పక్క తాడు. వయసులో చిన్నది, మాట గట్టిది.

"అప్ప తాడు ఒగ్గనేదు. నాను సూసినాను."

"మరి మీ తాడు?"

"నానూ ఒగ్గనేదు. అప్పనడుగు."

ఈ ఉద్యోగంలో మొదట నేర్చుకున్నదొకటి ఉంది. ఇద్దరు ఒకరినొకరు సాక్ష్యం చూపిస్తుంటే అక్కడ ఇద్దరు సాక్షులు లేరు, ఒక్కరే ఉన్నారు. ఆ ఒక్కరైనా ఉన్నారో లేదో బయటి నుంచి చెప్పలేం. ఇద్దరూ ఏదో దాస్తున్నారు. నేను అడిగింది గాలి గురించి. ఇద్దరూ తాడు వదల్లేదనే చెప్పారు.

"పొద్దున దిగేముందు మసేను ఏమన్నాడు?"

అప్పలకొండ నావైపు చూసింది. "ఏటంటాడు? రోజూ అనీదే. 'నా ఊపిరి నీకాడ' అన్నాడు. 'నీ తాడు నాకాడ' అన్నాను. అది అనకుండా ఎవులూ దిగరు."

మధ్యాహ్నం కాపరి గదికి వెళ్ళాను. కొత్త కాపరిని రాసింది నిడుమోలు వైదేహి. ముప్ఫై ఐదేళ్ళుంటాయి, కళ్ళ కింద నలుపు. సోమవారం నుంచి ఇంటికి వెళ్ళినట్టు లేదు.

"కాపరిని మార్చాల్సిన అవసరం ఏమొచ్చింది?"

"పాతదాంట్లో చచ్చిపోయినవాళ్ళకి కూడా గాలి పోయేదండీ. ఎప్పుడో పని మానేసినవాళ్ళకి కూడా. కవాటాలు సన్నగా తెరుచుకునే ఉండేవి."

"ఎందుకలా?"

ఆమె రెండు చేతులూ ఎత్తి, ఒక మణికట్టును రెండో చేత్తో పట్టుకుంది. "కాపరి దగ్గర మనుషులకి నమూనాలుంటాయి. తాడు మనిషి అంటే ఏమిటి? ఫలానా మునిగే మనిషికి తాడు పట్టేది. మునిగే మనిషి అంటే? ఫలానా తాడు మనిషి పట్టిన తాడుతో దిగేది. ఒకదాని వివరం రాయాలంటే రెండోది ముందే తెలిసుండాలి. ఏది ముందు రాసినా, రెండోదేమిటో నాకు తెలియదంటుంది యంత్రం."

"మరెలా రాస్తారు?"

"ఒకదాని పేరు మాత్రం ముందు చెప్తాం. ఇలాంటిదొకటి ఉంది, వివరం తర్వాత ఇస్తాను అని. యంత్రం ఒప్పుకుంటుంది."

వివరం లేని పేరును ఒప్పుకోవడం నా వృత్తిలో తప్పు. ఆ మాట పైకి అనలేదు. "చచ్చిపోయినవాళ్ళకి గాలి పోవడానికి కారణం అదేనా?"

"కాదు. అది రాసేటప్పటి చిక్కు. గాలిది నడిచేటప్పటి చిక్కు." చేతులు దించలేదు. "ఒక మనిషిని ఎవరూ పట్టుకుని లేరని తేలితేనే కాపరి ఆ మనిషిని వరసలోంచి తీసేసి కవాటం మూస్తుంది. ఈ ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఉంటే? మేడలో ఇంకెవరికీ వాళ్ళతో పని లేకపోయినా, ఇద్దరూ పోరు. పాత కాపరిలో అలా జంటలు జంటలుగా మిగిలిపోయారు. అందుకని ఒక చెయ్యి వదులు చేశాను."

"ఎవరి చెయ్యి?"

"మునిగే మనిషిది. తాడు మనిషి గట్టిగా పట్టుకుంటుంది. మునిగే మనిషికి తన తాడు ఎవరిదో తెలుస్తుంది, అంతే. పట్టు ఉండదు."

"ఎవరి చెయ్యి వదులు చెయ్యాలో మీరే నిర్ణయించారా?"

"నేనెందుకు నిర్ణయిస్తానండీ? భద్రతా నిబంధనలోనే ఉంది. మునిగే మనిషి బాధ్యత తాడు మనిషిదే అని."

సాయంత్రం సదాశివరావును ఆ నిబంధన ఎక్కడిదని అడిగాను. కాపరి విభాగం సలహా మీద పెట్టామన్నాడు. వైదేహిని మళ్ళీ అడిగితే, ఆ సలహా ఇచ్చినప్పుడు తమ విభాగం భద్రతా నిబంధననే ఆధారం చేసుకుందంది. చెబుతూ చెబుతూ ఆగిపోయింది. తను అన్నది తనకే వినపడినట్టుంది.

పొద్దున అరుగు మీద ఇద్దరు ఆడవాళ్ళు. సాయంత్రం ఆఫీసుల్లో రెండు విభాగాలు. ఎవరి వేలు చూసినా పక్కవాళ్ళ వైపే ఉంది.

4. గురువారం

మధ్యాహ్నం నా అన్నం డబ్బా కడుక్కోవడానికి అరుగు పక్క తొట్టి దగ్గరికి వెళ్ళాను. మంచినీళ్ళ కుళాయి వేలు పెడితేనే వస్తుంది. రోజుకు ఇంతని కొలత. నా వంతు పట్టుకుని పక్కకు జరిగాను.

రాముడమ్మ వచ్చింది. తాళ్ళకు నూనె పట్టించే పనిలో ఉంది, మోచేతుల దాకా నూనె. వేలు పెట్టింది. ఎర్ర దీపం వెలిగింది, నీళ్ళు రాలేదు. ఆశ్చర్యపోలేదు. తిట్టనూ లేదు. తిరిగి పలక దగ్గరికి నడిచి, గాజు మీద వేలు పెట్టింది. పని అయిందన్న గంట మోగింది. మళ్ళీ కుళాయి దగ్గరికొచ్చింది. ఈసారి నీళ్ళొచ్చాయి. చేతులు తోముకుని, గోడ పక్కన కూర్చుని, ఎండుచేప చారులో అన్నం కలుపుకుని తింది. తిన్నాక వెళ్ళి, పనిలోకి వచ్చినట్టు వేలు పెట్టి, తాడు పట్టుకుంది.

ఆ మొత్తం ఆమె చేతులకు ఎంత అలవాటైన పనో చూశాను.

వివరం నీళ్ళ విభాగంలో తెలిసింది. తాడు పనిలో ఉన్నవాళ్ళకు కుళాయి రాదు. తాడు వదిలి తిరగకూడదని ఎప్పుడో పెట్టిన కట్టడి. మునిగిన మనిషి ఒక పూటంతా కింద ఉంటాడు. నిబంధన ప్రకారం అంతసేపూ తాడు మనిషి కదలకూడదు, తినకూడదు. కానీ అరుగు మీద డబ్బాలు ప్రతి సాయంత్రం ఖాళీగానే ఇంటికెళ్తాయి. సొరనూనె చేత్తో ఎవరూ అన్నం తినలేరు. కాబట్టి వాళ్ళు చెయ్యి కడుగుతున్నారు. కడగాలంటే పని అయిందని వేలు పెట్టాలి. అంతసేపూ ఆ తాడు ఇంకెవరి చేతిలోనో ఉండాలి.

ఇది నేను చూసిన రెండు విషయాల్ని కలిపితే వచ్చింది. రుజువు కాదు. అలాగని రాసుకుని, వైదేహి దగ్గరికి వెళ్ళాను.

"తాడు మనిషి పని అయిందని వేలు పెడితే కాపరి ఏం చేస్తుంది?"

"ఆమెని తీసేస్తుంది."

"అప్పటికి ఆమె మనిషి నీళ్ళలోనే ఉంటే?"

"ఉండగా ఎవరూ పెట్టరండీ. తాడు అరువివ్వడం నిషేధం. ఇచ్చినవాళ్ళనీ పుచ్చుకున్నవాళ్ళనీ ఇద్దరినీ మేడ దింపేస్తారు."

"పెడితే?"

ఆమె తెర మీంచి తల తిప్పింది. "పెట్టారా?"

జవాబు చెప్పలేదు. చెబితే ఇద్దరు ఆడవాళ్ళు పడవెక్కుతారు. చెప్పకపోతే ఒకామె పడవెక్కుతుంది, చనిపోయినవాడు దొంగగా మిగులుతాడు. పైగా నేను విన్నదేమీ లేదు, ఒకామె చెయ్యి కడుక్కోవడం చూశాను.

"పెట్టుంటే, మునిగే మనిషిని పట్టుకున్న ఒకే ఒక్క చెయ్యి పోయినట్టు," అంది వైదేహి మెల్లగా. "అతన్ని కూడా..." తెర ఆపేసి, నన్ను వెళ్ళమంది.

ఆమెను ఎంతవరకు నమ్మాలో తెలియదు. శనివారం లోపు ఆమె తన తప్పు సరిచేసుకుని, జాడ లేకుండా చేయగలదు. ఆ గదిలో ఆ పని చేయగలిగింది ఆమె ఒక్కతే.

5. శుక్రవారం

అప్పలకొండకు నేను చూసింది చెప్పాను. తల ఎత్తకుండా విని, తాడు చివర విప్పుకుంటూ, మళ్ళీ అల్లుకుంటూ కూర్చుంది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"మాయమ్మ నాడు నుంచి. ఆకలెయ్యదేటి బావు? ముందు ఎవులికాకలేస్తే ఆళ్ళు పక్కదానికి తాడిచ్చి తింటారు. మల్లీ పక్కది తింటాది. పాత కాపరి ఎప్పుడూ ఏటీ అననేదు."

పాత కాపరిలో రెండు చేతులూ గట్టివి. ఏమీ అనదు. కొత్తది మొదలైన రోజున, మొదటి అన్నాల వేళకు, ముందుగా ఆకలేసింది అప్పలకొండకు. రాముడమ్మ కేక వినపడ్డాక మిగతావాళ్ళెవరూ అన్నాలకు లేవలేదు. వాళ్ళ మనుషులు బతికింది అందువల్లే.

"ముద్ద నోట్లో ఉంది," అంది. "రాముడమ్మ అరిసింది. రెండు తాళ్ళూ దాని సేతిలోనే. ఒకటి లాగితే రెండోది జారిపోద్ది. నాను పరిగెట్టేతలికి..."

"రేపు ఇది చెప్పండి."

"సెప్తే రాముడమ్మ మేడ దిగిపోవాల. దానికి సంటిపిల్లుంది. సెప్పను. నువ్వూ సెప్పకు." తర్వాత చాలా మామూలుగా అంది. "నాను తినకపోతే ఆడు బతికుండునేటి?"

బతికుండేవాడు. అది నిజం, కానీ జవాబు కాదు. అలాగే చెప్పాను. ఎంత అర్థమైందో తెలియదు.

6. శనివారం

విచారణ తాడు అరుగు మీదే పెట్టారు. సదాశివరావు పలక కింద బల్ల వేయించుకున్నాడు. వైదేహి ఒక పక్క నిలబడింది. అరుగు వాళ్ళంతా వచ్చారు.

"చోడిపిల్లి అప్పలకొండ. సోమవారం మధ్యాహ్నం నువ్వెక్కడున్నావు?"

"ఇక్కడే."

"తాడు నీ చేతిలోనే ఉందా?"

అప్పలకొండ నీళ్ళ వైపు తిరిగింది.

"మసేనుని నమోదు చేయకుండా ఎందుకు దింపావు?"

"దింపనేదు. ఆడి పేరు పలక మీద ఉంది. పేపరు బావు సదివాడు."

సదాశివరావు నావైపు చూడలేదు. "కాపరి లేదంటోంది."

అప్పుడు రాముడమ్మ ముందుకొచ్చింది. చంకలో పిల్ల ఉంది. "ఆ యాలకి రెండు తాళ్ళూ నా సేతిలోనే ఉన్నాయండి."

"నోర్ముయ్యే!" అని అరిచింది అప్పలకొండ.

"నువ్వే ముయ్యి అప్పా. మసేనన్నని లాగింది నాను. దొంగని లాగినానా నాను?"

అరుగంతా మాటలు లేచాయి. సదాశివరావు బల్ల చరిచాడు. ఆ గోలలో వైదేహి నడుచుకుంటూ వచ్చి అప్పలకొండ ముందు నిలబడింది. ఒక్క ప్రశ్నే అడిగింది.

"మధ్యాహ్నం వేలు ఎందుకు పెట్టావమ్మా?"

"సెయ్యి కడుక్కోడానికి, తల్లీ."

వైదేహి పలక వైపు తిరిగి, "మళ్ళీ పెట్టు," అంది. "నన్ను నీ మునిగే మనిషిగా పెట్టుకో. ఇక్కడే, అరుగు మీదే నిలబడతాను. సోమవారం నడిచిన కాపరే ఇది, ఒక్క అక్షరం మార్చలేదు."

అప్పలకొండ వేలు పెట్టింది. పలక మీద రెండు పేర్లు వెలిగాయి. వైదేహి గాలి గొట్టం చివర చెంపకు ఆనించుకుని నాకిచ్చింది. నేనూ ఆనించుకున్నాను. చల్లగా, సన్నగా గాలి వస్తోంది. గొట్టం సదాశివరావు దాకా వెళ్ళి తిరిగొచ్చింది.

"ఇప్పుడు పని అయిందని పెట్టు."

అప్పలకొండ వేలు పెట్టింది.

గంట మోగింది. గాలి ఆగిపోయింది. పలక మీద అప్పలకొండ పేరు పని అయినవాళ్ళ కింది వరసకు జారింది. వైదేహి పేరు ఏ వరసలోనూ లేదు.

"ఈ రోజు దిగినవాళ్ళు ఎవరని అడగండి," అంది వైదేహి.

సదాశివరావు అడిగాడు. కాపరి గొంతు అరుగంతా వినపడింది. "నీళ్ళలో ఎవరూ లేరు. ఈ రోజు ఎవరూ దిగలేదు."

రాముడమ్మ చంకలో పిల్ల ఏదో అంది.

"తాడు అరువివ్వడం నేరం కాకుండా పోదు," అన్నాడు సదాశివరావు చివరికి. అతని మాటలో పట్టు లేదు.

"అయితే నాదీ రాయండి," అంది వైదేహి. "ఏ చెయ్యి వదులు చెయ్యాలో అరుగు మీదికొచ్చి ఒక్కసారి కూడా అడగలేదు నేను. మీ నిబంధన చూశాను. మీరు మా సలహా చూశారు."

తీర్పు వాయిదా వేశాడు. కాపరిని సరిచేసి, మనిషిని దింపి నిరూపించిన రోజున, తినడానికి తాడు అరువివ్వడం నేరం కాదని రాస్తానన్నాడు. అది కుదరకపోతే ఇద్దరూ పడవెక్కాలి. నోటిమాట చాలదని, ఆ రెండు వాక్యాలూ అందరి ముందూ మైకులో చదివించాను. అతనిచేతే.

7. తర్వాతి గురువారం

వైదేహి కొత్త ఏర్పాటు నాకు చెప్పింది. తాడు మనిషి మునిగే మనిషిని పట్టుకోదు. మునిగే మనిషీ తాడు మనిషిని పట్టుకోడు. 'దిగుడు' అని మూడోదొకటి ఉంటుంది. అదే ఇద్దరినీ పట్టుకుంటుంది. తాడు ఎన్ని చేతులు మారినా దిగుడు ఉంటుంది. మునిగిన మనిషి పైకొచ్చి, తన వేలు తాను పెడితేనే పోతుంది.

"పైకి రాకపోతే?"

"ఇద్దరు వేరే మనుషులు వచ్చి, ఇక లేడని చెప్పాలి."

"మళ్ళీ ఇద్దరా?"

మొదటిసారి నవ్వింది. "ఒకరినొకరు చూపించుకోని ఇద్దరు."

వినడానికి బాగుంది. పోయిన వారం సోమవారానికి ముందు కూడా ఎవరో ఎవరికో ఇలాగే చెప్పి ఉంటారు. నిరూపణకు ఎవరు దిగుతారని అడిగాను. నేనే అంది. ఈత వచ్చా అని అడిగితే, కొద్దిగా అంది.

8. శనివారం

నీళ్ళు తేటగా ఉన్నాయి. అరుగు నిండా జనం. వైదేహి తొడుగు వేసుకుంది. నడుముకు తాడు అప్పలకొండే కట్టింది, ముడి రెండుసార్లు లాగి చూసింది. వైదేహి నీళ్ళలోకి కాళ్ళు వేలాడేసి కూర్చుంది. మొహానికి కట్టుకునే అద్దం దించబోతుంటే అప్పలకొండ చెయ్యి అడ్డం పెట్టింది.

"అనాల."

"ఏమనాలి?"

"దిగీ ముందు అనీది."

వైదేహి ఆమె మొహంలోకి చూసింది. "నా ఊపిరి మీ దగ్గర."

"మీ దగ్గర కాదు తల్లీ. నీకాడ."

"నా ఊపిరి నీకాడ."

"నీ తాడు నాకాడ."

దిగింది. పలక మీద ఆమె పేరు వెలిగింది. నేను పలక వైపు చూడటం మానేసి, బుడగల్ని చూశాను. పలక ఏం చెప్పినా, బుడగలు ఎవరి మాటా అడిగి రావు. కాసేపటికి, చూడటమే కాక, లెక్కపెడుతున్నానని గమనించాను.

అన్నాల వేళ అయింది. అప్పలకొండ కదల్లేదు. సదాశివరావు ఆమె వైపు చూశాడు. రాముడమ్మ చెయ్యి చాపింది.

"ఇటియ్యప్పా."

అప్పలకొండ తాడు ఇవ్వలేదు. రాముడమ్మ చెయ్యి దించలేదు. చివరికి అప్పలకొండే మడత మడతగా విప్పి ఇచ్చింది, అందరూ చూస్తుండగా. ఇన్నేళ్ళలో ఈ అరుగు మీద తాడు చేతులు మారడం అధికారులు చూడటం ఇదే మొదలు. పలక దగ్గరికి నడిచింది. బొటనవేలు గాజుకు కొద్ది ఎడంలో ఆగింది.

పెట్టింది.

గంట మోగింది.

బుడగలు వస్తున్నాయి. కాసేపు ఆగాను. ఇంకా వస్తున్నాయి. అప్పుడు పలక చూశాను. అప్పలకొండ పేరు జారిపోయింది. వైదేహి పేరు ఉంది.

అప్పలకొండ కుళాయి దగ్గర చేతులు తోముకుంది, చాలాసేపు. డబ్బా తెచ్చుకుని అరుగు అంచున, నీళ్ళ వైపు తిరిగి కూర్చుంది. అన్నం కలిపింది. ముద్ద చేసి పట్టుకుని ఉండిపోయింది.

సదాశివరావు నా పక్కకు వచ్చి, సాయంత్రం వార్తలకు ఏం రాసుకున్నానని అడిగాడు. చదివి వినిపించాను. "గనగళ్ళ మసేను పోయిన వారం సోమవారం నమోదుతో నీళ్ళలోకి దిగాడు. మధ్యాహ్నం దాకా నీళ్ళలో ఉన్నాడు. కాపరి అతని గాలి ఆపింది."

"కాపరి విభాగం ప్రకారం అని పెట్టండి."

"పెట్టను. వాళ్ళు మీ ప్రకారం అంటారు."

రాముడమ్మ చేతిలో తాడు ఒకసారి లాగినట్టయింది. కింద వైదేహి బాగున్నానని చెప్పే గుర్తు అది. రాముడమ్మ తిరిగి లాగింది.

"తినప్పా," అంది వెనక్కి తిరక్కుండానే. "ఉంది."

అప్పలకొండ ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలినంతసేపూ బుడగల మీంచి కళ్ళు తీయలేదు.